అమ్మ పాఠాలు చెప్పే బడిలోనే కూతురి చదువు: ఫీజు రాయితీ మీద పెద్దింటి పిల్లల మధ్య ఉంచాలా, మార్చాలా?

లెక్కల టీచర్, హైదరాబాద్ (ప్రశ్న)

నేను పదకొండేళ్లుగా హైదరాబాద్ పడమటి వైపున ఉన్న ఒక పెద్ద ప్రైవేటు పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. అక్కడ ఒక్క పిల్లకు కట్టవలసిన ఏడాది ఫీజు మా దంపతులిద్దరి ఆరు నెలల జీతానికి పైమాటే. ఉపాధ్యాయుల పిల్లలకు అందులో నాలుగింట మూడు వంతులు మినహాయిస్తారు కనుక మా అమ్మాయిని ఒకటో తరగతి నుంచి అక్కడే చదివిస్తున్నాము. ఇప్పుడు ఏడో తరగతిలో ఉంది. చదువులో ముందుంటుంది, బాస్కెట్‌బాల్ ఆడుతుంది, ఇంగ్లీషులో ఎవరితోనైనా జంకు లేకుండా మాట్లాడుతుంది. నిరుటి దాకా నాకు ఏ బెంగా లేదు.

ఈ ఏడాది బడులు తెరిచిన మొదటి వారంలో సెలవుల గురించి వ్యాసం రాయమన్నారు. మా అమ్మాయి చాలా బాగా రాసిందని ఇంగ్లీషు చెప్పే నా సహోద్యోగి మెచ్చుకుంటూ ఆ కాగితం నా చేతికిచ్చారు. మా అమ్మ జనగామ దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. రెండు గదుల పెంకుటిల్లు, ముందు వేపచెట్టు, వెనుక గేదెల కొట్టం. ఆ ఇల్లు వ్యాసంలో "మా ఫామ్‌హౌస్" అయింది. గేదెలు, వేపచెట్టు, తెల్లవారుజామున పాలు పితికే చప్పుడు అన్నీ ఉన్నాయి, ఒక్క అబద్ధం లేదు. మా అమ్మ మాత్రం ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉండే ఒక ముసలావిడగా కనిపించింది. ఆ వాక్యం దగ్గర ఆగిపోయి నేను స్టాఫ్‌రూమ్‌లో చాలాసేపు కూర్చుండిపోయాను.

రెండవ సంగతి నా ఉద్యోగానికి సంబంధించినది. అర్ధ సంవత్సర పరీక్షలో ఒక బాలుడు చీటీ పెట్టి రాస్తుండగా పట్టుకుని, నియమం ప్రకారం నివేదిక రాసి ఇచ్చాను. అతని తండ్రి పాఠశాలలోని ఇండోర్ స్టేడియానికి పెద్ద విరాళం ఇచ్చినవారు. మరునాడు కరస్పాండెంట్ గారి గదికి పిలిపించి, పిల్లవాడి భవిష్యత్తు ఆలోచించమని, నివేదికను వెనక్కి తీసుకోమని మర్యాదగానే చెప్పారు. నేను తీసుకున్నాను. అదే నెలలో అదే తప్పుకు ఆఫీసు గుమస్తా కొడుకును మూడు రోజులు బడికి రావద్దన్నారు. ఆ తరువాత ఆ బాలుడు మా అమ్మాయితో, "మీ అమ్మ రాసిన కాగితాన్ని మా నాన్న ఒక్క ఫోన్‌తో చింపించాడు" అన్నాడట. ఇంటికి వచ్చి ఆమె ఆ అబ్బాయి మీద చాడీ చెప్పలేదు, ఏడవలేదు. "అమ్మా, నువ్వెందుకు ఊరుకున్నావు?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

పుట్టినరోజులు రిసార్టుల్లో జరగడం, ఐచ్ఛికమంటూనే తరగతిలో ఇంచుమించు అందరూ వెళ్లే విదేశీ యాత్రలు, నేను స్కూటర్ మీద దింపితే గేటుకు వంద గజాల ఇవతలే ఆపమనడం వంటివి నేను తట్టుకోగలను. పెద్దింటి పిల్లల మధ్య పెరిగితే ఇలాంటివి ఉంటాయని తెలిసే చేర్పించాను. కానీ తన తల్లి ఎవరి ముందు తల వంచుతుందో రోజూ చూస్తూ పెరిగే పిల్లకు ఆ బడి ఏమి నేర్పుతున్నట్టు? పదో తరగతి వరకు ఉంచాలా, ఇప్పుడే మామూలు పాఠశాలకు మార్చాలా? ఇలాంటి చోట చదివినవారు, చదివించినవారు నిజం చెప్పండి.

లైబ్రరీ గారి అమ్మాయి, బెంగళూరు

టీచర్ గారూ, మా అమ్మ ఇలాంటి ఒక పాఠశాలలోనే ఇరవై రెండేళ్లు లైబ్రేరియన్‌గా పనిచేశారు, నేను అక్కడే పన్నెండో తరగతి దాకా చదివాను. నాకు ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. మీ అమ్మాయి రాసిన ఆ వాక్యం చదివినప్పుడు నా గుండె కలుక్కుమంది. నేనూ దాదాపు అలాంటిదే చేశాను. మా అమ్మ కారిడార్‌లో ఎదురైతే, పక్కన స్నేహితురాళ్లు ఉన్నప్పుడు, అందరిలాగే "గుడ్‌మార్నింగ్ మేడమ్" అని దాటిపోయేదాన్ని. నియమం అదేనని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఆవిడ కూడా తల ఊపి వెళ్లిపోయేవారు. మేమిద్దరం దాని గురించి ఏనాడూ మాట్లాడుకోలేదు.

ముందుగా, ఆ బడి నాకు ఇచ్చిన వాటిని తక్కువ చేయను. అక్కడ పిల్లలు పెద్దవారిని కళ్లలోకి చూసి మాట్లాడతారు. ఒక నియమం తమకు అడ్డు వస్తే ఎవరిని అడగాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి, "కుదరదు" అన్న జవాబు తరువాత కూడా ఎంతసేపు నిలబడాలి అన్నవి వారికి పాలతో పాటే వస్తాయి. మా ఇంట్లో కుదరదంటే కుదరదనే అర్థం. మొదటి ఉద్యోగంలో జీతం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు నేను తడబడలేదంటే ఆ పన్నెండేళ్ల వల్లనే. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని ఆ చదువు మీ అమ్మాయికి అందుతోంది, అది విలువైనదే.

అయితే బడి ఇవ్వలేనిది ఒకటి ఉంది, అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చదువు ముగిశాక నా స్నేహితులకు మొదటి ఇంటర్న్‌షిప్‌లు తండ్రి గోల్ఫ్ స్నేహితుల ద్వారానో, మేనమామ సంస్థలోనో దొరికాయి. వారిలో ఎవరూ చెడ్డవారు కారు, నాతో చివరిదాకా ప్రేమగానే ఉన్నారు. ఆ తలుపులు ఇళ్ల నుంచి ఇళ్లకు ఉంటాయని, బడి గుండా నాకు తెరుచుకోవని మాత్రం అప్పుడు అర్థమైంది. "అక్కడ చదివితే పరిచయాలు పెరుగుతాయి" అని బంధువులు చెప్పే మాటను మీ లెక్కలోంచి తీసేయండి. ఆ ఆశతో ఉంచవద్దు.

ఇక దాచిపెట్టడం గురించి. నేను పదో తరగతిలో ఉండగా ఒకరోజు సాయంత్రం, లైబ్రరీ మూసే వేళకు, అమ్మ నన్ను కూర్చోబెట్టి రెండు కాగితాలు చూపించారు. ఒకటి ఆవిడ నియామక పత్రం, రెండోది నా ఫీజు రాయితీ పత్రం. "ఇది ఎవరి దయా కాదు, నా పనికి వచ్చే ప్రతిఫలంలో ఒక భాగం. నాకు డబ్బుగా ఇవ్వకుండా నీ చదువుగా ఇస్తున్నారు" అన్నారు. అంతకు మునుపు నేను ఆ బడిలో అతిథినని, ఎవరో జాలిపడి ఉండనిచ్చారని అనుకునేదాన్ని. ఆ సాయంత్రం తరువాత కారిడార్‌లో "అమ్మా" అని పిలిచాను. అంత చిన్న పనికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. మీరు పదో తరగతి దాకా ఆగకండి, ఈ వారమే ఆ కాగితాలు చూపించండి.

వ్యాసం గురించి ఆమెను మందలించవద్దు. ఆ గదిలో ఏ మాటకు విలువ ఉందో పసిగట్టి, తన దగ్గర ఉన్న దానిని ఆ మాటలోకి ఒదిగించింది. అబద్ధమాడలేదని మీరే అన్నారు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు అదే వ్యాసాన్ని తెలుగులో, అమ్మమ్మకు చదివి వినిపించేలా రాయమనండి. ఆవిడ ఎదురుగా కూర్చుని వింటున్నప్పుడు ఆ ముసలావిడ వాక్యాన్ని ఏం చేయాలో మీ అమ్మాయికే తెలుస్తుంది.

"ఎందుకు ఊరుకున్నావు" అన్న ప్రశ్నకు మాత్రం తప్పక జవాబు చెప్పాలి. భయపడ్డారా, చెప్పండి. ఉద్యోగం పోతే ఇంటి అద్దె ఎలాగన్న ఆలోచన వచ్చిందా, అదీ చెప్పండి. పన్నెండేళ్ల పిల్ల అర్థం చేసుకుంటుంది. మా అమ్మ మౌనాన్ని నేను చాలాకాలం ఒప్పుకోలుగా చదువుకున్నాను, ఆవిడ చెప్పి ఉంటే అలా చదువుకునేదాన్ని కాదు.

న్యాయవాది, వరంగల్

నేను విద్యకు సంబంధించిన వ్యాజ్యాలు చూస్తుంటాను. మీరు అడిగిన ప్రశ్నకు నేరుగా వస్తాను గాని, ముందు ఒక సంగతి చెప్పాలి. మీరు చూసిన అసమానతను ఒక కరస్పాండెంట్ బలహీనతగా మాత్రమే చూస్తే సరిపోదు. ఈ తరహా బడులు ఎవరి కోసం పుట్టాయో చూడండి. అజ్మీర్‌లోని మేయో కాలేజీ 1875లో రాజకుమారుల కోసం వెలసింది. రాజపుత్ర సంస్థానాలు తమ తమ పిల్లలకు అక్కడ వేర్వేరు వసతి గృహాలు కట్టించుకున్నాయి. మన బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలు 1923లో జాగీర్దార్ల కొడుకుల కోసం జాగీర్దార్ కాలేజీగా మొదలై, జాగీర్లు రద్దయ్యాకనే పేరు మార్చుకుని తక్కినవారికి తలుపులు తెరిచింది. పెద్ద పెద్ద అంతర్జాతీయ సంస్థలకు అధిపతులైన సత్య నాదెళ్ల, శంతను నారాయణ్, అజయ్ బంగా అక్కడ చదివినవారే. ముగ్గురి ప్రతిభనూ ఎవరూ కాదనలేరు. కానీ నాదెళ్ల తండ్రి ఐఏఎస్ అధికారి, బంగా తండ్రి సైన్యంలో లెఫ్టినెంట్ జనరల్. జాగీర్దారు కొడుకు కూర్చున్న బల్ల మీదికి అధికారి కొడుకు, ఆ తరువాత వ్యాపారి కొడుకు వచ్చారు. గుమస్తా కొడుకు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాడని మీ అనుభవమే చెబుతోంది.

వీటన్నిటికీ నమూనాగా చెప్పుకునే ఇంగ్లండులోని ఈటన్‌ను ఆరవ హెన్రీ 1440లో స్థాపించినప్పుడు డెబ్బై మంది పేద విద్యార్థులకు ఉచితంగా చదువు చెప్పాలన్నది ఉద్దేశం. డబ్బు కట్టి చదివేవారు ఆ పక్కన చేరి, క్రమంగా బడి అంతా వారిదే అయింది. పేదల కోసం పెట్టిన చోటు కూడా కాపలా లేకపోతే చేతులు మారుతుందనడానికి దీనికన్నా పాత ఉదాహరణ నాకు తెలియదు.

ఆ కాపలా కోసమే విద్యాహక్కు చట్టం 2009లో 12(1)(సి) సెక్షన్ పెట్టారు. ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు, వెనుకబాటుకు గురైన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి, ప్రభుత్వం తన బడిలో ఒక్కో పిల్లపై పెట్టే ఖర్చుకు మించకుండా వారికి చెల్లించాలి. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు దీనిని సమర్థించింది, ప్రభుత్వ సాయం లేని మైనారిటీ సంస్థలను మాత్రం మినహాయించింది. ఆంధ్రప్రదేశ్ 2022-23లో గాని ఈ ప్రవేశాలు మొదలుపెట్టలేదు. తెలంగాణలో చట్టం వచ్చి పదేళ్లు దాటినా ఈ సెక్షన్ కాగితం మీదనే ఉండిపోయింది. మీ బడిలో పేదింటి పిల్లలు తరగతికి పది మంది ఉండి ఉంటే, మీ అమ్మాయి ఒక్కతే వేరుగా కనిపించేది కాదు.

"పేదపిల్లలను కలిపితే మా పిల్లల చదువు దెబ్బతింటుంది" అన్న వాదన కోర్టులోనూ, బయటా చాలాసార్లు విన్నాను. ఢిల్లీలో ప్రభుత్వం చవకగా భూమి ఇచ్చిన ప్రైవేటు బడులు 2007 నుంచి పేదపిల్లలకు సీట్లు ఇవ్వవలసి వచ్చినప్పుడు, గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త ఆ తరగతుల్లోని సంపన్నుల పిల్లలను పరిశీలించారు. 2019లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, పేద సహాధ్యాయులు ఉన్న పిల్లలు ఇతరులకు పంచి ఇవ్వడంలోనూ, సేవా కార్యక్రమాలకు ముందుకు రావడంలోనూ మెరుగయ్యారు. రిలే పరుగుకు జట్టును ఎంచుకోమంటే, పేదవాడని బాగా పరుగెత్తేవాణ్ణి వదులుకోవడం వారిలో తగ్గింది. ఇంగ్లీషు మార్కుల్లో కొద్దిపాటి తగ్గుదల తప్ప లెక్కల్లో, హిందీలో నష్టమేమీ కనబడలేదు. అంటే, మీ అమ్మాయి అక్కడ ఉండటం వల్ల మేలు పొందుతున్నవారిలో ఆ చీటీ పెట్టిన బాలుడూ ఒకడు. ఆ మేలు మోసే బరువు మాత్రం ఆమె ఒక్కతే భుజాన వేసుకోనవసరం లేదు.

ఇక మీ ఉద్యోగం. ఒక్క ఫోన్‌తో మీ ఉద్యోగం పోతుందని ఆ బాలుడే కాదు, మీరూ నమ్ముతున్నట్టు కనిపిస్తోంది. 1982 నాటి విద్యా చట్టంలో ప్రైవేటు విద్యాసంస్థల సిబ్బందిని అభియోగం, విచారణ లేకుండా తొలగించడానికి వీల్లేదని 79వ సెక్షన్ చెబుతుంది. తొలగిస్తే పైఅధికారికి అప్పీలు చేసుకునే హక్కును ఆ తరువాతి సెక్షన్ ఇస్తుంది. 1994 నాటి జీవో 1 ప్రకారం ఫీజుల రాబడిలో సగం సిబ్బంది జీతాలకు వెళ్లాలి. ఇవి తరచూ అమలు కావని నాకు తెలుసు, అయినా అడిగినవారికి అమలైన సందర్భాలూ చూశాను. మీ నియామక పత్రం, రాయితీ పత్రం తీసుకుని దగ్గరలో ఉన్న న్యాయవాదిని ఒకసారి కలవండి. మరొకటి: ఇకమీదట నివేదికను వెనక్కి తీసుకోమంటే, ఆ మాటను కాగితం మీద ఇమ్మని అడగండి. రాతపూర్వకంగా ఇవ్వవలసి వస్తే చాలా ఆదేశాలు అక్కడే ఆగిపోతాయి.

గురుకులం విద్యార్థి, నల్లగొండ

సోదరీ, నా మాట వేరు. మార్చేయండి. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో, అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న సర్వేల్‌లో గురుకులం మొదలైంది. అలాంటి గురుకులంలో ఐదో తరగతి నుంచి చదివినవాణ్ణి. అందరికీ ఒకే నిక్కరు, ఒకే కంచం, ఒకే గంట. ఎవరి తండ్రి ఏమిటో పదో తరగతి దాకా మాకు సరిగా తెలియదు. ఇంగ్లీషు ఆలస్యంగా వచ్చింది, కాలేజీలో రెండేళ్లు మాట్లాడలేక అవస్థ పడ్డాను, అది నిజం. కానీ మా అమ్మ చూడటానికి వస్తే గేటు దాకా పరుగెత్తేవాణ్ణి. ఇంగ్లీషు ఇరవై ఏళ్లకూ వస్తుంది.

కోకాపేట తండ్రి

నేను ఆ ఫీజు పూర్తిగా కట్టే తల్లిదండ్రుల్లో ఒకడిని. ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మీ బడి ఏదో నాకు తెలియదు, మా అబ్బాయి చదివేది అదే కావచ్చు.

టీచర్ గారూ, మేము ఇంట్లో పిల్లలకు డబ్బు గురించి ఏమీ చెప్పకపోవడమే సంస్కారం అనుకుంటాము. చెప్పకపోయినా వాడు చూస్తూనే ఉంటాడు. ఒకసారి మా అబ్బాయి, తాత వయసున్న మా డ్రైవర్‌ను పేరు పెట్టి ఏకవచనంలో పిలిస్తే మందలించాను. "నువ్వూ అలాగే పిలుస్తావు కదా నాన్నా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పిలుపు మార్చుకోవడానికి నాకే కొన్ని నెలలు పట్టింది. బడికి ఫోన్ చేసిన ఆ తండ్రిని నేను సమర్థించను. కానీ అలాంటి ఫోన్ నేనూ ఒకసారి చేశాను, ఆటల జట్టులో చోటు కోసం. చోటు దొరికింది. ఎవరి బిడ్డ చోటు పోయిందో నేను అడగలేదు. మీ ప్రశ్న చదివాక ఆ సంగతి నన్ను వదలడం లేదు.

తల్లిదండ్రుల సమావేశాల్లో మేమెవరమూ ఉపాధ్యాయుల పిల్లల గురించి, క్రమశిక్షణ అందరికీ ఒకేలా అమలు కావడం గురించి అడగము. మీరు అడిగితే ఉద్యోగానికి ముప్పు, నేను అడిగితే నాకు పోయేదేమీ లేదు. మా బడిలో వచ్చే సమావేశంలో నేను అడుగుతాను.

లెక్కల టీచర్, హైదరాబాద్

అందరికీ నమస్కారం. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, మధ్యలో పరీక్ష పేపర్లు దిద్దవలసి వచ్చింది.

గురుకులం అన్నగారూ, మీ మాట మావారికి బాగా నచ్చింది, అందుకే ఇంట్లో ఇంకా చర్చ నడుస్తోంది. ఈ ఏడాది పూర్తయ్యే దాకా మార్చకూడదని మాత్రం నిర్ణయించుకున్నాము. ఎనిమిదో తరగతికి ఏమి చేయాలో మా అమ్మాయినే అడుగుతాము. కోకాపేట తండ్రి గారూ, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. మీ సమావేశంలో ఏమన్నారో ఇక్కడ తప్పక రాయండి.

లైబ్రరీ గారి అమ్మాయి చెప్పినట్టు శనివారం రెండు కాగితాలూ ఆమె ముందు పెట్టాను. నెలకు ఎంత జీతం, రాయితీ లేకపోతే ఎంత ఫీజు కట్టాలి అన్నది ఆమె చేతనే లెక్క వేయించాను. ఎందుకు ఊరుకున్నానో కూడా చెప్పాను, భయపడ్డానని అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఆఫీసు అంకుల్ వాళ్ల అబ్బాయికి ఆ మూడు రోజులు వాపసు ఇస్తారా?" అని అడిగింది. అతని హాజరు పట్టీలో ఆ మూడు రోజులు అలాగే ఉన్నాయి. వాటిని తీసివేయమని కోరుతూ, రెండు నివేదికలనూ ఒకే తీరుగా చూడాలని ప్రిన్సిపాల్ గారికి ఒక లేఖ రాశాను. న్యాయవాది గారు చెప్పినట్టు ఒక ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకున్నాను. ఇంకా జవాబు రాలేదు.

దసరా సెలవులకు ఊరికి వెళుతున్నాము. బాస్కెట్‌బాల్ జట్టులోని ఒక అమ్మాయి కూడా వస్తానంటోందట. అక్కడ స్నానాల గది ఇంటి వెనుక పెరట్లో ఉంటుందని ముందే చెప్పమన్నాను. చెప్పిందట, ఆ అమ్మాయి సరేనందట.